‘నెమ్మదిగా వెళ్లుము’ అంటే సరిపోతుందా?

2023 మార్చి 22. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, బాల్టిమోర్ నగరం చుట్టూ తిరిగే ఐ-695 రింగు రోడ్డు మీద పట్టపగలు పనులు జరుగుతున్నాయి. వాహనాలకూ కూలీలకూ మధ్య కాంక్రీటు దిమ్మెల వరుస ఉంది. అక్కడ వేగ పరిమితి గంటకు 55 మైళ్లు, అంటే దాదాపు 88 కిలోమీటర్లు. పక్కపక్కనే దూసుకొస్తున్న రెండు కార్లు గంటకు 160 కిలోమీటర్లు దాటిన వేగంలో ఒకదాన్నొకటి రాసుకున్నాయి. అదుపు తప్పిన ఒక కారు, పని బళ్లు లోపలికి రావడానికి దిమ్మెల మధ్య వదిలిన సందులోంచి పనిస్థలంలోకి దూరింది. ఆరుగురు కార్మికులు అక్కడికక్కడే చనిపోయారు. ఆ చావులకు మొదటి కారణం వేగమే, అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. కానీ ఆ సందు లేకపోతే కారు దిమ్మెలకు కొట్టుకుని ఆగిపోయేదేమో అన్న ప్రశ్నను కూడా పక్కన పెట్టలేం. బండి నడిపేవాడి తప్పు, పనిస్థలాన్ని అమర్చినవాడి లోపం కలిసినచోటే ప్రాణాలు పోతాయి. అందుకే పనులు జరిగే రోడ్డు మీద జరిమానా అనేది ఈ ఇద్దరినీ పట్టుకునేలా ఉండాలి. ఒక్కరినే పట్టుకుంటే అది అన్యాయమే కాదు, పనికిరాదు కూడా.

ఈ ప్రమాదం తర్వాత మేరీల్యాండ్ గవర్నర్ వెస్ మూర్ పనిస్థలాల భద్రతపై ఒక బృందాన్ని వేసి, దాని బాధ్యతను లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్‌కు అప్పగించారు. ఆమె హైదరాబాద్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వెళ్లిన మన ఆడపడుచు. అంతకంటే ఇక్కడ ముఖ్యమైనది, ఆమె సివిల్ ఇంజినీరు. చట్టసభలోకి వెళ్లకముందు నుంచీ మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో ఏళ్ల తరబడి రోడ్ల పనే చేశారు. ఆ బృందం సిఫార్సుల నుంచి వచ్చిన చట్టంపై 2024 ఏప్రిల్ 9న సంతకమైంది. అంతకు సరిగ్గా రెండు వారాల ముందు అదే బాల్టిమోర్‌లో ఓడ ఢీకొని ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన కూలినప్పుడు కూడా, రాత్రిపూట వంతెన మీద గుంతలు పూడుస్తున్న ఆరుగురు కార్మికులే చనిపోయారు. కారణం వేరు, చనిపోయినవాళ్లు మాత్రం అదే బతుకు బతికేవాళ్లు.

మేరీల్యాండ్ చేసిన మార్పు ఏమిటో కాస్త వివరంగా చూడాలి. అక్కడ పనిస్థలాల్లో స్పీడ్ కెమెరాలు కొత్త కాదు, 2010 ప్రాంతం నుంచే ఉన్నాయి. పరిమితికి 12 మైళ్లు మించితే ఎవరికైనా ఒకటే జరిమానా, 40 డాలర్లు. ఆ 12 మైళ్లు దాటినవాడూ, 60 మైళ్లు దాటినవాడూ అదే చెల్లించేవాడు. కొత్త చట్టం దీన్ని మొదట 80 డాలర్లు చేసింది, 2025 జనవరి 1 నుంచి మెట్లుగా విడగొట్టింది. కొద్దిగా మించితే 60 డాలర్లు. అక్కణ్నుంచి పెరుగుతూ, 40 మైళ్లు అంతకుమించి దాటితే 500. ఆ సమయంలో కార్మికులు పనిలో ఉంటే ప్రతి మెట్టుకూ రెట్టింపు, అంటే పై మెట్టులో వెయ్యి డాలర్లు. పొరపాటున ముల్లు కాస్త దాటినవాడికీ, పందెం వేసుకున్నట్టు పరిగెత్తేవాడికీ తేడా ఉందని చట్టం ఒప్పుకుంది. మనుషులున్న చోటుకీ, లేని చోటుకీ తేడా ఉందని కూడా ఒప్పుకుంది. ఈ రెండూ మనం గమనించాల్సిన అంశాలు.

అయితే కాగితం మీద జరిమానా పెంచగానే వేగం తగ్గుతుందనుకుంటే పొరపాటు. అమెరికాలో చాలా రాష్ట్రాలు మూడు దశాబ్దాల కిందటే ‘పనిస్థలంలో జరిమానా రెట్టింపు’ అని బోర్డులు పెట్టాయి. టెక్సస్‌లో ఇలాంటి చట్టం 1998లో వచ్చింది. అక్కడి రవాణా పరిశోధకులు చట్టానికి ముందూ తర్వాతా వాహనాల వేగాలు కొలిచి చూస్తే, సగటు వేగంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. దొరికితే కదా రెట్టింపు! ఇరుకైన పనిస్థలంలో పోలీసు కారు నిలపడానికే చోటుండదు, నిలిపినా తప్పు చేసిన బండిని పక్కకు తీయించడం మరో ప్రమాదం. అదే కెమెరాలు పెట్టిన మేరీల్యాండ్‌లో, కార్యక్రమం మొదలైనప్పుడు నూటికి సుమారు ఏడు వాహనాలు 12 మైళ్లకు మించి వేగంతో పోతుండగా, తర్వాతి కాలంలో అది రెండు కంటే కిందికి దిగిందని ఆ రాష్ట్ర రహదారుల శాఖ లెక్క. గుర్తుంచుకోండి, ఇది 40 డాలర్ల కాలంలో జరిగిన మార్పు. మనిషిని ఆపేది జరిమానా ఎంత అన్నది కాదు, తప్పించుకోలేమన్న నమ్మకం. మొత్తం పెంచాల్సింది మొండిగా మితిమీరి నడిపే కొద్దిమందికే.

పనిస్థలానికే ప్రత్యేక నియమం ఎందుకు, వేగం ఎక్కడైనా ప్రమాదమే కదా అని అడగొచ్చు. జవాబు ఇంజినీర్లు రోజూ వాడే ఒక లెక్కలో ఉంది. ఎదురుగా ఏదో కనిపించి, డ్రైవరు గ్రహించి, బ్రేకు తొక్కి, బండి పూర్తిగా ఆగేసరికి సాగే దూరాన్ని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 45 మీటర్లుగా, 100 కిలోమీటర్ల వేగంలో 180 మీటర్లుగా తీసుకుంటాయి. వేగం రెండున్నర రెట్లు, ఆగే దూరం నాలుగు రెట్లు. తగిలినప్పటి దెబ్బలో ఉండే శక్తి ఆరు రెట్లకు పైనే. మామూలు హైవే ఈ 180 మీటర్లు ముందుగా కనిపించేలా కట్టిన రోడ్డు. పనిస్థలంలో ఆ చూపు ఉండదు. లేన్ హఠాత్తుగా సన్నబడుతుంది. నాలుగు వరుసల బళ్లు రెండు వరుసల్లో ఇరుక్కుంటాయి. పాత డాంబరు అంచుకూ తవ్విన మట్టికీ మధ్య అడుగెత్తు తేడా ఉంటుంది. రాత్రయితే రోలరు, కంకర లారీ చీకట్లో కలిసిపోతాయి. వెనక వచ్చే బండికి ముందు బండి ఆగిందన్న సంగతి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. అందుకే పనిస్థలాల్లో చనిపోయేది కూలీలే అనుకోవడం సగం నిజమే. అమెరికాలో 2022లో పనిస్థలాల్లో 891 మంది చనిపోతే, వాళ్లలో ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురు వాహనాల్లో ఉన్నవాళ్లే. నెమ్మదిగా వెళ్లమనేది కూలీకి చేసే దయ కాదు, బండిలో కూర్చున్న కుటుంబానికి కూడా అదే రక్ష.

ఇక మన సంగతి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు. ఆ మరణాల్లో నూటికి 71 అతివేగం ఖాతాలో పడ్డాయి. ఈ 71ని నేను తోసిపుచ్చను, కానీ దాన్ని జాగ్రత్తగా చదవాలంటాను. ప్రమాదం జరిగినచోటుకు వచ్చే పోలీసు ముందున్నది ఒక బండి, ఒక డ్రైవరు. కేసు డ్రైవరు మీద నమోదవుతుంది, కారణం గడిలో అతివేగం అని రాయడం అన్నిటికంటే సులువు. బోర్డు లేని మలుపు, దీపం లేని గుంత నిందితులుగా ఆ కాగితంలోకి ఎక్కడం అరుదు. ఐఐటీ మద్రాసు రూపొందించిన ఐరాడ్ అనే ప్రమాదాల సమాచార వ్యవస్థలో పోలీసులతో పాటు రహదారుల ఇంజినీర్లు కూడా చోటును చూసి వివరాలు నింపాలి. ఆ భాగాన్ని నిజాయతీగా నింపితే పనిస్థలాల్లో ఎవరి వాటా ఎంతో మనకే తెలుస్తుంది.

మన చట్టంలో లోటు ఉందా అంటే, చాలామంది అనుకున్నంత లేదు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రజల భద్రత కోసం ఒక రోడ్డుకో వంతెనకో ప్రత్యేక వేగ పరిమితి పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ ఆంక్ష నెల రోజులు మించకపోతే గెజిట్ నోటిఫికేషన్ కూడా అక్కర్లేదు, తగిన బోర్డులు పెడితే చాలు. రోడ్డు పనుల కోసమే రాశారా అనిపించేంత సరిగ్గా సరిపోయే వెసులుబాటు ఇది. 2019 సవరణ తర్వాత 183వ సెక్షన్ కింద అతివేగానికి కారు వంటి తేలికపాటి వాహనాలకు వెయ్యి నుంచి రెండు వేలు, లారీలు బస్సుల వంటివాటికి రెండు నుంచి నాలుగు వేలు జరిమానా. మళ్లీ చేస్తే లైసెన్సు స్వాధీనం. కెమెరాల సంగతి 136ఏ సెక్షన్, దాని కింద 2021 ఆగస్టులో వచ్చిన 167ఏ నియమం చూసుకుంటాయి. కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి, పరికరానికి ఏటా ధ్రువీకరణ ఉండాలి, తప్పు జరిగిన పదిహేను రోజుల్లో నోటీసు పంపాలి, ఫొటోతో పాటు కొలిచిన వేగం అందులో ఉండాలి. 210ఏ సెక్షన్ అయితే జరిమానాలను పది రెట్ల వరకూ పెంచుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. కాకపోతే అది వాహన తరగతిని బట్టి పెంచే వీలు, చోటును బట్టి కాదు. పనిస్థలంలో రెట్టింపు అనాలంటే చట్టం మార్చాల్సిందే. కానీ టెక్సస్ అనుభవం చూశాక ఆ మార్పు కోసం ఎదురుచూడాల్సిన పనేమీ లేదంటాను. ఉన్న వెయ్యి రూపాయలనే తప్పకుండా పడేలా చేస్తే చాలు.

తప్పకుండా పడడం అన్నచోటే మనం చతికిలబడుతున్నాం. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలాన్ల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబరు చివర మళ్లీ ఇచ్చారు, ఈసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు, లారీలకు 60 శాతం. ఖజానాకు డబ్బు వచ్చింది, పెండింగ్ తగ్గింది, నిజమే. కానీ జనం నేర్చుకున్న పాఠం వేరు. ఫోనుకు 1,035 రూపాయల చలాన్ మెసేజ్ వస్తే, ఇప్పుడెందుకు కట్టడం, ఇంకో రాయితీ రాకపోతుందా అని పక్కన పెట్టడం అలవాటైంది. తప్పు చేసిన వెంటనే కట్టినవాడు మొత్తం కట్టాడు, మొండికేసినవాడు పావలా వంతు కట్టి బయటపడ్డాడు. జరిమానా అనే మాటకు ఉన్న బరువునంతా ఇలాంటి రాయితీలు తీసేస్తాయి. చట్టం రాసిన మొత్తం పెద్దదా చిన్నదా అన్న చర్చకు ఆ తర్వాత అర్థం లేదు.

ఇప్పుడు రెండో పక్షానికి, పని చేయించేవాళ్ల దగ్గరికి వద్దాం. పనిస్థలాల్లో వాహనాల నిర్వహణకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ-55 అనే పుస్తకం వేసింది, 2014లో దాన్ని సవరించింది. దాని ప్రకారం పనిస్థలం అంటే తవ్విన గుంత ఒక్కటే కాదు. డ్రైవరును ముందుగా హెచ్చరించే భాగం, బళ్లను మెల్లగా ఒక పక్కకు మళ్లించే భాగం, అసలు పని జరిగే భాగం, తిరిగి మామూలు దారిలోకి వదిలే భాగం, ఇన్ని కలిస్తే పనిస్థలం. హెచ్చరిక ఎంత దూరంలో మొదలు కావాలి, శంకువులు ఎంతెంత దూరంలో నిలపాలి, రాత్రి ఏ దీపం వెలగాలి, జెండా పట్టుకున్న మనిషి ఎక్కడ నిలబడాలి అనేవన్నీ అందులో ఉన్నాయి. మన రోడ్ల మీద కనిపించేది ఏమిటి? గుంతలో గుచ్చిన తుమ్మ కొమ్మ. దానికి చుట్టిన ఎర్ర గుడ్డ. రెండు ఇసుక బస్తాలు, సున్నం పూసిన నాలుగు రాళ్లు, రేడియం స్టిక్కరు ఊడిపోయిన ఖాళీ తారు డ్రమ్ము. వాటికి అయిదడుగుల ముందు, దుమ్ము కొట్టుకుపోయి అక్షరాలు కనపడని ‘పనులు జరుగుచున్నవి, నెమ్మదిగా వెళ్లుము’ బోర్డు. ఎంత నెమ్మదిగా అన్నది అందులో ఉండదు. నలభై అని అంకె వేయని బోర్డు ఆధారంగా ఎవరికీ చలాన్ రాయలేరు, రాసినా నిలవదు. వంద వేగంతో వచ్చేవాడికి అయిదడుగుల ముందు కనపడ్డ హెచ్చరిక హెచ్చరికే కాదు.

కాంట్రాక్టర్లంతా మనసులేనివాళ్లు కాబట్టి ఇలా జరుగుతోందనడం తేలిక. లెక్కల్లోకి వెళ్తే కారణం ఇంకోటి కనిపిస్తుంది. రోడ్డు పనుల ఒప్పందాలకు ఆధారమైన కేంద్ర రవాణా శాఖ స్పెసిఫికేషన్ల పుస్తకంలో, పని జరిగేటప్పుడు వాహనాల కోసం చేసే ఏర్పాట్లను పనిలో భాగంగానే లెక్కగడతారు. తాత్కాలిక మళ్లింపు రోడ్డు లాంటివాటిని వేరుగా కొలుస్తారు గానీ, మిగతా ఏర్పాట్లకు విడిగా బిల్లు ఉండదు. కంకరకు క్యూబిక్ మీటరు చొప్పున డబ్బు వస్తుంది, తారుకు టన్ను చొప్పున వస్తుంది. శంకువులకూ, దీపాలకూ, రాత్రి కాపలా మనిషికీ పెట్టిన ప్రతి రూపాయీ లాభంలోంచి పోతుంది. తక్కువ కోట్ చేసి టెండరు పట్టినవాడు మొదట కోత పెట్టేది అక్కడే. మనిషి స్వభావాన్ని తిట్టుకోవడం కంటే ఆ లెక్కను మార్చడం మేలు. భద్రత ఏర్పాట్లకు విడిగా రేటు, విడిగా కొలత, రోజువారీ తనిఖీ పెట్టండి. బోర్డు ఉన్న రోజుకు డబ్బు, లేని రోజుకు ఎదురు కోత అన్నప్పుడు తుమ్మ కొమ్మలు వాటంతటవే మాయమవుతాయి.

శిక్ష సంగతి చట్టం మర్చిపోయిందా అంటే అదీ లేదు. 2019 సవరణ 198ఏ అనే కొత్త సెక్షన్ తెచ్చింది. రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణలో నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించని అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. తీర్పు చెప్పేటప్పుడు కోర్టు చూడాల్సిన అంశాల్లో, ప్రమాదానికి ముందు అక్కడ ఏ హెచ్చరిక బోర్డులు ఉన్నాయన్నది కూడా ఒకటి. చదవడానికి ఎంత బాగుంది! కానీ ఇందులో రెండు లోపాలున్నాయి. ఒకటి, మనిషి చనిపోయినప్పుడో వికలాంగుడైనప్పుడో తప్ప ఈ సెక్షన్ కదలదు. డ్రైవరు ఎవరినీ ఢీకొట్టకపోయినా, వేగంగా వెళ్లినందుకే వెయ్యి కడతాడు. కాంట్రాక్టరు మాత్రం ప్రాణం పోయేదాకా ఏమీ కట్టనక్కర్లేదు. రెండోది, వందల కోట్ల పనిలో లక్ష రూపాయలు ఒక పూట డీజిలు ఖర్చుకు సరిపోదు. ద్విచక్ర వాహనదారుడికి వెయ్యి రూపాయలు ఒకటి రెండు రోజుల కూలి. ఎవరి శిక్ష ఎవరికి తగులుతుందో ఇక్కడే తేలిపోతోంది. కాబట్టి ప్రమాదం కోసం ఎదురుచూడకుండా, బోర్డు లేకపోతే లేనందుకే, దీపం ఆరిపోతే ఆరినందుకే, రోజుకు ఇంత అని పడే జరిమానా కావాలి. అది బిల్లులోంచే కోసుకునేలా ఉండాలి. కోర్టు దాకా వెళ్లనక్కర్లేదు, ఒప్పందంలో ఒక షరతు చాలు.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికంటే గట్టిది, ఇదంతా వసూళ్ల కోసమే అన్నది. స్పీడ్ గన్ పట్టుకుని చెట్టు చాటున నిలబడే పద్ధతి ఉన్నంతకాలం జనం అలా అనుకోవడంలో తప్పు లేదు. దీనికి పెన్సిల్వేనియా చూపిన దారి నాకు నచ్చింది. 2018 చట్టంతో వచ్చిన అక్కడి పనిస్థలాల కెమెరాలు 2020 మార్చి నుంచి జరిమానాల దశలోకి వచ్చాయి. మొదటి తప్పుకు హెచ్చరిక లేఖ మాత్రమే, రెండోసారి 75 డాలర్లు, ఆ తర్వాత 150. కెమెరా ఏ పనిస్థలంలో ఉందో ముందే ప్రకటిస్తారు, దారిలోనూ బోర్డులు పెడతారు. దాచిపెట్టి పట్టుకోవడం ఉద్దేశం కాదనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి? మన 167ఏ నియమం కూడా ముందస్తు బోర్డు ఉండాలనే అంటోంది. మొదటిసారి హెచ్చరిక అన్న ఒక్క మెట్టు మనమూ చేర్చుకుంటే, రోజూ అదే దారిలో ఆటో నడుపుకునేవాడు ఒక్క పొరపాటుకు ఆ రోజు సంపాదన పోగొట్టుకోడు.

పని జరగని వేళ, మనుషులు లేనప్పుడు నలభైలో పొమ్మనడం దేనికని ఇంకో ప్రశ్న. ఇందులో కొంత న్యాయం ఉంది. అయితే మధ్యాహ్నం కూలీలు అన్నానికి వెళ్లినా తవ్విన అంచు అక్కడే ఉంటుంది, సన్నబడ్డ లేన్ అక్కడే ఉంటుంది. కాబట్టి పరిమితి ఉండాలి, మనుషులున్నప్పుడు శిక్ష బరువు పెరగాలి. మేరీల్యాండ్ చేసింది అదే. అదే సమయంలో, పని పూర్తయి రోడ్డు నున్నగా అయ్యాక కూడా పాత బోర్డు నెలల తరబడి అలాగే నిలబడి ఉంటే, డ్రైవర్లు అసలు బోర్డులనే నమ్మడం మానేస్తారు. బ్రిటన్‌లో మోటార్‌వే పనుల దగ్గర గంటకు 50 మైళ్ల పరిమితిని సగటు వేగం కొలిచే కెమెరాలతో గట్టిగా అమలు చేసినవాళ్లే, పరీక్షలు చేసి చూశాక, చోటు సరిపోయే పనిస్థలాల్లో దాన్ని 60కి పెంచడానికి 2020లో ఒప్పుకున్నారు. కఠినంగా ఉండడం అంటే ఎక్కడ పడితే అక్కడ తక్కువ అంకె రాయడం కాదు. రాసిన అంకెకు కారణం ఉండాలి, కారణం తీరగానే అంకె పోవాలి.

మా దగ్గర పనుల రోడ్డు మీద వేగంగా పోవడానికి వీలేది, గుంతల్లో పడి లేవడమే సరిపోతుంది అని ఉప్పల్ వైపు ఉండేవాళ్లు అంటారు. వాళ్ల బాధ వాస్తవం. హైదరాబాద్-వరంగల్ జాతీయ రహదారి మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై, 2025లోనూ పూర్తి కాలేదు. నెల రోజుల తాత్కాలిక ఆంక్ష కోసం చట్టం ఇచ్చిన వెసులుబాటు ఎక్కడ, ఏడేళ్ల పనిస్థలం ఎక్కడ? అలాంటి చోట డ్రైవరు మీద కెమెరా గురిపెట్టడం ఎవరికీ న్యాయంగా కనిపించదు. అందుకే జరిమానా వేసే అధికారం గడువుకు ముడిపడాలంటాను. పనికి ఇచ్చిన గడువు దాటిన రోజు నుంచి అక్కడి వాహనదారుడికి చలాన్ వేసే ముందు, పని చేయించే సంస్థ తన ఏర్పాట్లు ఎస్‌పీ-55 ప్రకారం ఉన్నాయని రాతపూర్వకంగా చూపించాలి. చూపించలేకపోతే ఆ చలాన్ చెల్లకూడదు. ఇక గుంతల రోడ్డు ఒకవైపు ఉన్నా, విజయవాడ దారిలో చౌటుప్పల్, చిట్యాల దగ్గర ఫ్లైఓవర్ల పనుల మధ్య సంక్రాంతి రద్దీలో వచ్చే కార్ల వేగం వేరే సంగతి. నాలుగు వరుసల రోడ్డు మీద వందలో వచ్చిన బండి ఒక్కసారిగా సర్వీసు రోడ్డులోకి మళ్లాల్సి వచ్చినప్పుడు, వెనక సీట్లో పిల్లలున్న కుటుంబానికి ఆ మలుపే ప్రాణగండం.

ఈ రోడ్లు వేసేవాళ్లు ఎవరో కూడా ఒకసారి తలచుకోవాలి. దేశంలో డ్యాములూ కాలువలూ రోడ్లూ కట్టిన పాలమూరు కూలీల కథ మనకు కొత్త కాదు. గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకుని, భార్యాపిల్లలతో ఊరు విడిచి, పని ఉన్నచోటే డేరా వేసుకున్న బతుకులవి. ఇప్పుడు మన హైవేల మీద ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బిహార్ కూలీలూ కనిపిస్తున్నారు. మన పాలమూరు వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు ఇంకెక్కడో ఉంటారు. వేడి తారు పక్కన, మెడలో వేలాడే మాసిన నారింజ జాకెట్టుతో, వచ్చే బళ్లకు వీపు పెట్టి వంగి పనిచేసే మనిషికి వెనక ఏం వస్తోందో చూసుకునే తీరిక ఉండదు. అతని రక్షణ మొత్తం మనం ఎంత వేగంతో వస్తున్నామన్న దాని మీద, అతన్ని పనిలో పెట్టుకున్నవాడు ముందు ఎన్ని శంకువులు నిలిపాడన్న దాని మీద ఆధారపడి ఉంది. ఆ ఊరి వాడు కాదు కాబట్టి, చనిపోతే ధర్నా చేసేవాళ్లు కూడా తక్కువే. చట్టం అతని తరఫున మాట్లాడకపోతే ఇంకెవరూ మాట్లాడరు.

రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలూ చేయాల్సిన పనికి కొత్త శాసనం అక్కర్లేదు. జాతీయ రహదారైనా, రాష్ట్ర రహదారైనా పని మొదలయ్యే ముందు 112వ సెక్షన్ కింద అంకెతో కూడిన తాత్కాలిక వేగ పరిమితి ప్రకటించాలి. ఎస్‌పీ-55 ప్రకారం బోర్డులు, దీపాలు నిలిపినట్టు ఇంజినీరు సంతకం చేశాకే అక్కడ కెమెరా మొదలవ్వాలి. ఆ కెమెరా వాహనాలతో పాటు బోర్డులనూ, బారికేడ్లనూ చూడాలి. బోర్డు కూలిన రోజు కాంట్రాక్టరు బిల్లులో కోత పడాలి. పనిస్థలాల చలాన్లకు ఏ పండుగకూ రాయితీ ఉండకూడదు. 198ఏ సెక్షన్‌లో లక్ష పరిమితిని పనివిలువను బట్టి పెంచమని కేంద్రాన్ని అడగడం మాత్రం రాష్ట్రాలు చేయాల్సిన అదనపు పని.

పాఠకుల చేతిలో కూడా ఒక పని ఉంది. జాతీయ రహదారి మీద హెచ్చరిక లేకుండా తవ్విపోసిన చోటు కనిపిస్తే, బండి భద్రమైన చోట ఆపి 1033కి ఫోన్ చేయండి. లేదా రాజమార్గ్ యాత్ర యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టండి. ఫిర్యాదు నంబరు దాచుకోండి. రేపు అదే చోట ప్రమాదం జరిగితే, అక్కడ బోర్డు లేదన్న సంగతి సంస్థకు ముందే తెలుసని కోర్టుకు చూపించగలిగేది ఆ నంబరే.